ఒత్తులకి కూడా ఒక లీడర్ కావాలి

ఫ్లెక్సీల్లో తప్పులు ఎక్కువైపోయాయి, అసలు చూసేవాళ్లే లేరు అని వాపోయేవాళ్లకి ముందుగా ఒక మాట చెప్పాలి. హైదరాబాద్‌లో ప్రూఫ్ రీడింగ్ లేదనడం పచ్చి అబద్ధం. ఉంది, యమా స్ట్రిక్ట్‌గా ఉంది, కాకపోతే అది ఫొటోలకి జరుగుతుంది. డివిజన్ ప్రెసిడెంట్ తల కార్పొరేటర్ తల కంటే అరంగుళం పెద్దగా పడిందనుకోండి, అర్ధరాత్రి షట్టర్ ఎత్తించి మరీ మళ్లీ ప్రింట్ వేయిస్తారు. పై వరసలో ఎవరు, కింద గుండ్రాల్లో ఎవరు, ఎవరిది దండం పెట్టే ఫొటో, ఎవరిది చెయ్యూపే ఫొటో, అన్నీ నలుగురు కూర్చుని జూమ్ చేసి చూస్తారు. అదే ఫ్లెక్సీ మీద అడుగెత్తు అక్షరాల్లో "హ్రుదయపుర్వక శుబాకాంక్షాలు" అని ఉంటుంది, ఒక్కడి చూపు కూడా అటు పోదు. వాళ్లకి తెలుగు రాదని నేననను. అక్షరాలకి వర్గం లేదు, అలిగేవాడు లేడు, అంతే.

అసలు ఈ తప్పు ఎలా తయారవుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. కస్టమర్ మ్యాటర్ వాట్సాప్‌లో పంపుతాడు, అది యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదువుకునే అక్షరాల కోడ్. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది గానీ మన డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే నడుస్తున్నాయి, ఆ మ్యాటర్ తెచ్చి ఇందులో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, కాబట్టి ఆపరేటర్ తమ్ముడు ఫోన్ పక్కన పెట్టుకుని, నోట్లో పాన్, చెవిలో ఇయర్‌ఫోన్, మొత్తం మళ్లీ టైప్ చేస్తాడు. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో డైరెక్టుగా పేస్ట్ చేశాడా, అది ఇంకో వైభవం, సెట్టింగ్స్‌లో ఇండియన్ భాషల ఆప్షన్ మార్చకపోతే ఒత్తులన్నీ ఊడిపోయి "ప్రారంభోత్సవం" కాస్తా "ప్‌రారంభోత్‌సవం" అవుతుంది, చదివితే నత్తివాడు రిబ్బన్ కట్ చేస్తున్నట్టుంటుంది. తర్వాత ప్రింటింగ్ వాడి దగ్గర ఫాంట్ లేకపోతే కష్టమని డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌లో కర్వ్స్ కొడతారు. కర్వ్స్ కొట్టాక అక్షరం అక్షరం కాదు, ఉత్త బొమ్మ, దాన్ని మళ్లీ టైప్ చేసి దిద్దే వీల్లేదు. తప్పుకి పట్టా వచ్చేసినట్టే.

"తమ్మీ, భ కి కింద గీత ఏదిరా" అని అడిగి చూడండి. "ఎవడు చదువుతడన్నా, అందరు ఫొటోలే చూస్తరు, స్క్వేర్ ఫీట్‌కి నువ్విచ్చే పైసలకి గీతలు గూడ గావాల్నా?" అంటాడు. లెక్క ప్రకారం అతనిదే కరెక్టు. బిల్లులో మీడియా, అంటే ఫ్లెక్సీ షీటు, ఉంది, ఇంకు ఉంది, చెక్క ఫ్రేమ్ ఉంది, చదవడానికి కాలమ్ లేదు.

పాత ఫైళ్ల సంగతి చెప్పకపోతే పాపం. ప్రతి షాపులో ఒక తల్లి ఫైల్ ఉంటుంది, పేరు మార్చి ఫొటో మార్చి ఏళ్ల తరబడి దాన్నే వాడతారు, నిన్న శ్రద్ధాంజలికి వాడింది ఇవాళ బర్త్‌డేకి. ఫొటో మారుతుంది, పేరు మారుతుంది, కింద మూల "అశ్రునయనాలతో" మాత్రం అలాగే ఉండిపోతుంది. మహానుభావుల ఫ్లెక్సీల్లో జయంతికీ వర్ధంతికీ తేడా ఎప్పుడో చెరిపేశారు, "వర్ధంతి శుభాకాంక్షలు" అని చేతులు జోడించి నవ్వుతుంటారు, ఆ పోయినాయన దీనికి సంతోషించాలో లేదో ఆయనకే తెలియాలి.

బ్రష్షుతో బోర్డులు రాసే రోజుల్లో పెయింటర్ మూలన తన పేరు రాసుకునేవాడు, పక్కన ఆర్ట్స్ అని. తప్పు రాస్తే ఎవరిని పట్టుకోవాలో ఊరందరికీ తెలిసేది. ఇప్పుడు ఎవర్ని పట్టుకుంటారు? గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలతో కిటకిటలాడే అశోక్‌నగర్‌లో, తెలుగు పేపర్‌కి కోచింగ్ ఇస్తామనే బోర్డు మీదే థ కి బదులు ధ పెట్టి "విద్యార్ధులకు" అని ఉంటే? చట్టం పట్టుకుంటుందా అంటే, షాపుల చట్టం 1988 నాటిది, దాని రూల్స్ ప్రకారం నేమ్ బోర్డు తెలుగులో ఉండాలి. ఆ తెలుగు కరెక్టుగా ఉండాలని ఎవరూ పట్టుబట్టలేదు, పెద్ద మనసు.

అందరూ చెప్పే సలహాలు నాకూ తెలుసు. కర్వ్స్ కొట్టకముందే ఎ4 మీద ప్రింట్ తీసి చూడాలి, చివరి మాట నుంచి వెనక్కి చదవాలి, మ్యాటర్ రాసినవాడు కాకుండా వేరేవాడు పైకి చదవాలి, వాట్సాప్‌లో ప్రూఫ్ రాగానే బొటనవేలు గుర్తు పెట్టకూడదు. మంచి సలహాలే, పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ పాటించరు. ఫోన్ నంబర్ మాత్రం మూడుసార్లు చదువుకుంటారు చూడండి, ఒక్క అంకె తప్పితే బిజినెస్ పోతుంది కదా. ఒత్తు పోతే ఏం పోతుంది?

కాబట్టి నా ప్రతిపాదన సీరియస్‌గా తీసుకోండి. దీర్ఘాలకి ఒక ఇంచార్జ్, ఒత్తులకి ఒక కన్వీనర్, ళ, ణ లకి కలిపి కో కన్వీనర్, వీళ్ల ఫొటోలు కూడా చిన్న గుండ్రాల్లో వేద్దాం. అప్పుడు ఎక్కడైనా దీర్ఘం ఎగిరిపోతే ఆ వర్గం ఊరుకోదు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో బైఠాయించి "మా దీర్ఘం మాకివ్వాలి" అంటారు, ఆపరేటర్ తమ్ముడు ఇయర్‌ఫోన్ తీస్తాడు. పదవులకి అప్పుడే పోటీ మొదలైంది, శ కోసం రెండు గ్రూపులు కొట్టుకుంటున్నాయి. ఙ కి మాత్రం ఎవరూ ముందుకు రావట్లేదు, ఏ ఫ్లెక్సీలోనూ పడని అక్షరానికి ఇంచార్జ్ అయితే నా ఫొటో ఎక్కడ వేస్తారని అడుగుతున్నారు.