కళాక్షేత్ర కథ ఎక్కడ మొదలవుతుంది?

(కళాక్షేత్ర బాణీలో భరతనాట్యం నేర్పే పిన్నికీ, దేవదాసీల చరిత్ర చదువుతున్న అక్క కూతురికీ మధ్య.)

పిన్ని: కళాక్షేత్ర నాట్యం నేర్పే స్కూలు, 1936లో మద్రాసు అడయారులో రుక్మిణీదేవి అరండేల్ మొదలుపెట్టింది. కథ అక్కణ్ణించి కాక ఇంకెక్కణ్ణించి చెబుతావే?

అమ్మాయి: అంతకుముందు డిసెంబరులోనే ఆవిడ దివ్యజ్ఞాన సమాజంలో ఆడింది కదా పిన్నీ. ఆ ఆట నేర్పిందెవరు? మైలాపూర్ గౌరి అమ్మాళ్, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై. గౌరి అమ్మాళ్ కపాలీశ్వరుడి గుడి దేవదాసి. అక్కణ్ణించి చెప్పాలి, ఆవిడ పేరు దాచేసి కాదు.

పిన్ని: ఎవరు దాచారు? ఆవిణ్ణి పిలిచి కళాక్షేత్రలో పాఠాలు చెప్పించింది కూడా రుక్మిణీదేవే.

అమ్మాయి: పాఠాలకి పిలిచారు, సరే. మరి వేదిక మీద ఎవరున్నారు? 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చి, దేవుడికి ఆడపిల్లల్ని అంకితం చెయ్యడంతో పాటు గుడిలో ఆడవాళ్ళు ఆడటాన్నే నేరం చేసింది. అదే ఆట పెద్దకులాల ఆడపిల్లలు సభల్లో ఆడితే సంస్కృతి అయింది!

పిన్ని: ఆ చట్టం రుక్మిణీదేవి తెచ్చిందా? దానికోసం ఏళ్ళ తరబడి పోరాడింది ముత్తులక్ష్మీ రెడ్డి. ఆవిడ తల్లిదీ దేవదాసీ కుటుంబమే. ఆ బాధ తెలిసిన మనిషే వద్దంటే, దూరంగా కూర్చుని నువ్వు ఆ పద్ధతి ఉండాలంటావా?

అమ్మాయి: (కాసేపు ఆగి) ఉండాలనను. పిల్లల్ని అంకితమివ్వడం ఆగాల్సిందే. దాంతోపాటు వాళ్ళ బతుకుతెరువు ఎందుకు పోవాలి? వాళ్ళ ఆట తీసుకుని, అందులో మనకి ఇబ్బందనిపించింది తీసేశాం. వేరే ఇంట్లో రాత్రి గడిపొచ్చిన మువ్వగోపాలుణ్ణి నిలదీసే నాయిక ఉంటుంది చూడు, క్షేత్రయ్య పదాల్లో? అలాంటి శృంగారం రుక్మిణీదేవికి మరీ పచ్చిగా అనిపించింది, భక్తి వైపు తిప్పింది. భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి ఒప్పుకోలేదు. శృంగారాన్ని శుద్ధి చెయ్యక్కర్లేదంది. ఆవిడ పుట్టింది దేవదాసీల కుటుంబంలోనే, ఆ మాట అనే హక్కు ఆవిడకుంది.

పిన్ని: క్షేత్రయ్య మీద అంత ప్రేమ ఉన్న మన తెలుగువాళ్ళేం చేశారు? తంజావూరు పక్కన మెలట్టూరులో వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన భాగవతమేళ నాటకాలు, అంటే పాటతో ఆటతో నడిచే నాటకాలు ఉన్నాయి. వాటిలో ఉషాపరిణయాన్ని కళాక్షేత్ర పట్టించుకుని వేదికెక్కించింది. మనవాళ్ళల్లో ఎందరికి మెలట్టూరు పేరు తెలుసు?

అమ్మాయి: మనకి కూచిపూడి లేదా?

పిన్ని: ఉంది! అక్కడ బ్రాహ్మణ మగపిల్లలే ఆడవేషం కట్టేవాళ్ళు. మన కళావంతుల్ని, అదే మన తెలుగు దేవదాసీల్ని, ఎవరు పిలిచారు?

అమ్మాయి: నేనూ అదే అంటున్నా కదా పిన్నీ! నా వైపు నువ్వే వాదిస్తున్నావు.

పిన్ని: చాల్లే. అయితే ఆ స్కూలు మూసెయ్యమంటావా?

అమ్మాయి: ఎందుకు? 1993లో పార్లమెంటు చట్టం చేసి మరీ జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా గుర్తించింది. ఉండాలి. కానీ నీ క్లాసు గోడ మీద రుక్మిణీదేవి ఫొటో ఉంది. గౌరి అమ్మాళ్ ఎవరో నీ పిల్లలకి ఎప్పుడైనా చెప్పావా?

పిన్ని: పదేళ్ళ పిల్లలకి ఈ చట్టాలన్నీ చెప్పమంటావా? ముందు మోకాళ్ళు పక్కలకి వంచి అరమండి సరిగ్గా కూర్చోనీ.