వంటింటికి బిల్లు పుస్తకం ఇవ్వాలి

ఇంటి వంట ఎందుకు వెనకబడిపోతోందన్న విషయం మీద మన సమాజంలో జరగాల్సినంత చర్చ జరగడం లేదు. డాక్టర్లను అడిగితే నూనె గురించి చెబుతారు, పెద్దవాళ్లను అడిగితే కలికాలం అంటారు. చిన్నప్పటి నుంచి ఇంటిదీ, బయటిదీ రెండు పక్షాల తిండీ నిష్పక్షపాతంగా తిన్నవాడిగా నా అభిప్రాయం వేరు. ఇంటి వంటకు ఉప్పు తక్కువ కాలేదు, కారం తక్కువ కాలేదు. తక్కువైందల్లా బిల్లు.

నేను పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో. సాయంత్రం అయిదయ్యేసరికి మా వీధి చివర మిరపకాయ బజ్జీల బండి వచ్చేది. అవే మిరపకాయలు, అదే శనగపిండితో, పైగా కొత్త నూనెలో అమ్మ ఇంట్లో బజ్జీలు వేస్తే, మేం ఒకటి కొరికి 'బండి మీదవాటిలా లేవే' అని తీర్పు చెప్పేవాళ్లం. అమ్మ వాము పెంచి చూసింది, సోడా తగ్గించి చూసింది. లాభం లేకపోయింది. రోడ్డు మీది దుమ్ము, పొద్దుటి నుంచి మరుగుతున్న నూనె, న్యూస్‌పేపరు సిరా, ఈ మూడూ వంటింట్లో దొరకవు కదా. పేపర్లో తినుబండారాలు కట్టివ్వొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో చెప్పింది గానీ, మా తరానికి లోకజ్ఞానం అబ్బింది ఆ నూనె మరకల వెనక వార్తల్లోంచే. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. బండి దగ్గర బజ్జీ నషాళానికి అంటితే ముక్కు తుడుచుకుని ఇంకో ప్లేటు అడిగేవాళ్లం. ఇంట్లో అంత కారం తగిలితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవారు. బండివాడికి డబ్బులిచ్చాం కాబట్టి నోరు మూసుకున్నాం. అమ్మకు ఇవ్వలేదు కాబట్టి నోరు తెరిచాం.

ఇక మ్యాగీ. 1983లో మన దేశానికి వచ్చి, రెండు నిమిషాల్లో వంట అయిపోతుందని ప్రకటించింది. అమ్మ చేసే ఉప్మా పావుగంటలో అవుతుంది, అందులో అల్లం, కరివేపాకు, జీడిపప్పు కూడా ఉంటాయి. అయినా ఉప్మాకు టీవీలో ప్రకటన లేదు. 2015 జూన్‌లో సీసం ఎక్కువుందంటూ మ్యాగీని నిషేధించారు, ఆ తర్వాత బొంబాయి హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది, నవంబరులో ప్యాకెట్లు మళ్లీ కొట్లలోకి వచ్చాయి. జనం తప్పిపోయిన బిడ్డ ఇల్లు చేరినంత సంబరపడ్డారు. ఏ ఇంట్లోనైనా ఉప్మా అయిదు నెలలు మానేసి మళ్లీ పెట్టి చూడండి, ఎవరైనా ఎదురెళ్లి హారతి పడతారేమో.

అమీర్‌పేటలో కోర్సు చేసే రోజుల్లో మా గది మొత్తానికి ఒక కరెంటు కుక్కర్ ఉండేది. అన్నం మేమే వండుకుని, కర్రీ పాయింట్ నుంచి పప్పు, దొండకాయ వేపుడు, రబ్బరు బ్యాండు బిగించిన కవర్లో సాంబారు తెచ్చుకునేవాళ్లం. ఇంట్లో ఉన్నప్పుడు దొండకాయ పేరెత్తితే పారిపోయిన నేను, అక్కడ వరసలో నిలబడి మరీ కొన్నాను. మెస్సుల ముందు 'ఇంటి భోజనం' అని బోర్డు కనిపిస్తే చాలు, లోపలికి నడిచేవాళ్లం. బిల్లు చేతికి రాగానే ఇంటి భోజనం కూడా రుచిగా ఉంటుందని నాకు అర్థమైంది అక్కడే. నా సిద్ధాంతానికి పునాది ఆ కవర్లే.

ఇప్పుడు యాప్‌ల కాలం. వాన పడుతుంటుంది, బిరియానీ గంట ఆలస్యంగా వస్తుంది, సాలన్ సగం సంచిలోకి కారిపోయి ఉంటుంది. 'పాపం, తడుస్తూ తెచ్చాడు' అని ఆ అబ్బాయికి అయిదు నక్షత్రాలు ఇస్తాం. ఇవ్వాల్సిందే, న్యాయం. అదే వానలో ఆఫీసు నుంచి తడుస్తూ వచ్చి, జుట్టు తుడుచుకోకుండానే కుక్కర్ పెట్టిన ఇల్లాలిని మాత్రం 'ఈ పూటా బెండకాయేనా?' అని అడుగుతాం.

నా వాదన సొంత కంచం దగ్గరే ఆగిపోయిందని ఎవరైనా అనవచ్చు, కాబట్టి ప్రభుత్వ లెక్క ఒకటి చెబుతాను. కేంద్రం 2019లో కాలవినియోగ సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని అప్పుడు తేలింది, మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి 26 మంది. మిగిలిన 74 మంది ఏం చేస్తున్నారని కంగారు పడకండి. ఇంటి భోజనం ఎంత ఆరోగ్యమో వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తున్నారు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ 2024లో ఏడాది పాటు నిషేధించినప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అమ్మ చేతి పచ్చళ్ల గొప్పతనం మీద పెద్ద ప్రసంగమే నడిచింది. మాట్లాడినవాళ్లలో రోలు ఎక్కడుంటుందో తెలిసిన మనిషి నాకు కనపడలేదు. నేనూ మాట్లాడాను.

అందుకే, ప్రతి ఇంటికీ ఒక బిల్లు పుస్తకం ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను. పప్పుచారుకు ధర ఉంటుంది. హోటలుకు వేసే అయిదు శాతం జీఎస్టీనే దీనికీ వేద్దాం. యాప్‌లు 2023లో రెండు రూపాయలతో మొదలుపెట్టిన ప్లాట్‌ఫామ్ ఫీజు ఇప్పుడు రెండంకెలకు చేరింది, ఎవరూ ధర్నా చేయలేదు. కాబట్టి స్టవ్ గట్టుకు కూడా ప్లాట్‌ఫామ్ ఫీజు వర్తిస్తుంది. వంటింట్లోంచి టీవీ ముందు దాకా పళ్లెం తేవాలంటే డెలివరీ చార్జీ. చినుకు పడగానే 'వేడివేడిగా పకోడీలు వేయొచ్చుగా' అని ఆర్డర్ వేస్తే రద్దీ వేళ చార్జీ అదనం. ఉప్పు తగ్గిందని ఫిర్యాదు ఉంటే నోటితో చెప్పడం కుదరదు, రాతపూర్వకంగా ఇవ్వాలి. సమాధానానికి 48 గంటలు ఆగాలి. అన్నీ చెల్లించాక పప్పుచారు ఎంత అద్భుతంగా ఉంటుందో మీరే చూస్తారు.

ఈ ముసాయిదాను ముందుగా మా ఆవిడకే చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, ఆఫీసులో కాంట్రాక్టు కాగితాలు చదివినంత శ్రద్ధగా చదివింది. మెచ్చుకుంటుందనుకుంటే పెన్ను అడిగింది. రాత్రి భోజనానికి వస్తానని చెప్పి, వండాక 'బయట తినేశాను' అని ఫోన్ చేస్తే క్యాన్సిలేషన్ చార్జీ నూటికి నూరు శాతం అని రాసింది. దాని కింద, అత్తయ్యగారికి రావాల్సిన పాత బకాయిలు తీరేదాకా కొత్త ఖాతా తెరవబడదని రాసింది. మూడో షరతు మొదలుపెడుతూ, "అంట్ల సంగతి ఎక్కడా రాయలేదేంటండీ?" అంది. సరిగ్గా అప్పుడే నాకు ఆఫీసు నుంచి అర్జెంటు ఫోన్ వచ్చింది. బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు మాట్లాడాను, అవతల ఎవరూ లేకపోయినా.