వెయిటింగ్ పీరియడ్ గారికి, ఉభయకుశలోపరి

వేదాయపాళెం,
నెల్లూరు.

మహారాజశ్రీ వెయిటింగ్ పీరియడ్ గారి సముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. క్షేమంగా లేకపోయినా ఇంకో 29 నెలలు క్షేమమనే చెప్పుకోవాలి. హెల్త్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బుకి ఇన్ని నెలల దాకా డబ్బులియ్యమని అడ్డం కూర్చునేది తమరే కాబట్టి, ఆ సంగతి తమకి తెలియనిది కాదు.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. కావలి నుంచి గూడూరు దాకా ఫోటో స్టూడియోల వాళ్లు ఫోటోలు పంపిస్తారు. తలంబ్రాల వేళ పెళ్లికూతురి వెనకాల నిలబడి పళ్లు కుట్టుకుంటున్న పెద్దమనిషిని చెరిపేసి, ఆకాశం కాస్త నీలంగా మార్చి, ఆల్బమ్ చేసి ఇస్తాను. షీటుకి ఇంతని లెక్క. ఆఫీసు లేదు, బాసు లేడు. దీన్ని ఫ్రీలాన్సింగ్ అంటారు. మా నాన్న మాత్రం ఎవరడిగినా "ఇంట్లోనే ఉంటున్నాడు" అని ఊరుకుంటాడు. నా వయసు 41. షుగర్ వచ్చి మూడేళ్లయింది.

పై పేరా మొత్తంలో తమరు చదివింది ఆ చివరి వాక్యం ఒక్కటే అని నాకు తెలుసు.

తమతో పరిచయం 2025 జూలైలో, సరిగ్గా రొట్టెల పండుగ వారంలో. వైశాఖంలో చేసిన పెళ్లిళ్ల బాకీ ఒకటి అప్పుడే వసూలైంది. ఖర్చయ్యేలోగా ఇన్సూరెన్స్ కట్టేద్దామని మా వీధి చివర ఉండే ఏజెంటు తమ్ముడిని పిలిచాను. ఫోనులోనే ఫారం నింపుతున్నాడు. షుగర్, బీపీ ఉన్నాయా అనే గడి దగ్గర వేలు ఆపాడు.

"అన్నా, ఇది రాయొద్దులే. రాస్తే 36 నెలలు ఆగాలి."

"రేపు ఆసుపత్రిలో రక్తం చూస్తే తెలిసిపోదా?"

"అప్పటి మాట అప్పుడు చూసుకుందాం."

రాయించాను. నేనేదో హరిశ్చంద్రుడినని కాదు. షుగర్ దాచి చేరితే, అయిదేళ్లు నిండేలోపు ఎప్పుడైనా కంపెనీ వాళ్లు నా పాత ప్రిస్క్రిప్షన్లు తవ్వి తీసి క్లెయిమ్ కొట్టేయొచ్చు, పాలసీయే రద్దు చేయొచ్చు. మోసమని రుజువైతే ఆ తర్వాత కూడా వదలరు. నిజం చెప్తే 36 నెలల నిరీక్షణ, అబద్ధం చెప్తే 60 నెలల టెన్షన్. లెక్కల్లో నేను వీకే గానీ మరీ అంత వీకు కాదు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2024 ఏప్రిల్ దాకా తమరు 48 ఉండేవారట. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాళ్లు 36కి దించారు. నడుం కొలత అనుకుంటే అభినందించాల్సిన విషయం. మా డాక్టరు మూడేళ్లుగా నన్ను అదే చేయమని మొత్తుకుంటున్నాడు.

అసలు బాధ నెలల గురించి కాదు. మా తోడల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. నాకూ ఆయనకీ షుగర్ ఒకే ఏడాది వచ్చింది. వస్తుంది మరి, పదిహేనేళ్లుగా సంక్రాంతికి అత్తగారింట్లో ఒకే బంతిలో కూర్చుని ఒకే పళ్లెంలో అరిసెలు తిన్నాం. ఆయనకి కంపెనీ గ్రూపు పాలసీ ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచే షుగర్‌కీ, దాని వల్ల వచ్చే పిల్లజబ్బులకీ కవరేజి. చాలా గ్రూపు పాలసీల్లో తమరు అసలు గడపే తొక్కరట. అవే అరిసెలు, అదే షుగర్. ఆయన గుమ్మం ముందు బాసు నిలబడి ఉంటాడు కాబట్టి తమరు పక్కకి తప్పుకుంటారు. నా గుమ్మం ముందు చెప్పులు తప్ప ఏమీ ఉండవు, అందుకని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంకాస్త ఎక్కువ ప్రీమియం కడితే కొన్ని పాలసీల్లో తమరు ముందే లేచిపోతారని కూడా ఏజెంటు చెప్పాడు. ఆ మాట విన్నాక మీ మీద ఉన్న కాస్త భయం పోయి, బాగా తెలిసిన మనిషిలా అనిపించారు.

తమ తమ్ముళ్లనీ చూశాను. చిన్నాయన 30 రోజులు. మధ్యాయన 24 నెలలు: శుక్లాలు, హెర్నియా, మొలలు, కిడ్నీలో రాళ్లు ఆయన శాఖ. యాక్సిడెంటుకి మాత్రం మీలో ఎవరూ అడ్డు రారు, మొదటి రోజు నుంచే ఇస్తారు. మా బావ ఫుడ్ డెలివరీ చేస్తాడు. ఈ సంగతి విని, "అయితే నాకు జబ్బు చేస్తే మినీ బైపాస్ రోడ్డులో బండి మీద నుంచి పడాలన్నమాట" అన్నాడు. మా అత్త అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాన్నకి 68. ఆయన్ని మా ఫ్లోటర్‌లో, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఒకే పాలసీలో, కలిపితే ఇంట్లో పెద్ద వయసుని బట్టి అందరి ప్రీమియమూ లెక్క కడతారన్నారు. విడిగా తీసుకుందామంటే ఆయన బీపీకి మళ్లీ తమరే. ఇంతలో, 70 నిండిన వాళ్లకి ఆదాయంతో పని లేకుండా కేంద్రం ఆయుష్మాన్ కింద 5 లక్షల కార్డు ఇస్తోందని, దానికి పాత జబ్బుల పేచీ లేదని తెలిసింది. తమరు పోవడానికి మూడేళ్లు, ఆయనకి 70 రావడానికి రెండేళ్లు. తమకంటే ముసలితనమే త్వరగా వస్తుందని నాన్నతో చెప్తే, జీవితంలో మొదటిసారి నా ఆర్థిక ప్రణాళిక మెచ్చుకున్నాడు.

చవక పాలసీ ఒకటి చూశాను. మూడు లక్షలకి, రూము అద్దె రోజుకి ఒక శాతం, అంటే 3,000. మా ఊళ్లో ఆసుపత్రులుండే పొగతోటలో రూము 6,000 అన్నారనుకోండి. పైన మూడు వేలు మనం వేసుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. కాదు. అద్దె సగమే ఇస్తారు కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు, నర్సు ఛార్జీ కూడా సగమే. మందులు వదిలేస్తారు, అది వాళ్ల దయ. ఏసీ రూములో పడుకున్న పాపానికి కత్తికి కూడా సగం జరిమానా. ఇంకొకదానిలో నెల్లూరు అడ్రసుకి ప్రీమియం తక్కువ, కానీ చెన్నైలో చేరితే బిల్లులో వాటా మనది. జ్వరమైతే పొగతోట, అది దాటితే మద్రాసు అని మా తాతల నాటి నుంచి నెల్లూరుకి ఒక అలవాటు. ఆ అలవాటు తెలిసినవాళ్లెవరో కూర్చునే రాసినట్టున్నారు ఆ పాలసీని.

చివరికి రూము పరిమితి లేనిదే తీసుకున్నాను. ప్రీమియం 25,000, పైన 18 శాతం జీఎస్టీ 4,500. సెప్టెంబరు 22 నుంచి ఆ జీఎస్టీని సున్నా చేశారు. ఆగమని జబ్బులకి చెప్పే తమరు, ఆ రెండున్నర నెలలు నాకు చెప్పి ఉంటే ఏం పోయేది?

కట్టిన సాయంత్రమే రొట్టెల పండుగ జరిగే స్వర్ణాల చెరువుకి పోయి, ఆరోగ్యం కోరుకుని ఆరోగ్య రొట్టె తీసుకున్నాను. ఇచ్చినావిడ నా వయసు అడగలేదు, షుగర్ అడగలేదు. "బాగుంటే వచ్చే ఏడు నువ్వు తెచ్చి ఇంకొకరికియ్యి నాయనా" అంది. బాగుంటేనే. గడువు పన్నెండు నెలలే.

ఇక అసలు మనవి. నా రెన్యువల్ జూలై 8న. పెళ్లిళ్లుంటేనే నాకు డబ్బులు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ముహూర్తాలుండవు. జూలై 15 నుంచి ఆషాఢం, ఉండవు. తేదీ దాటాక కట్టుకోవడానికిచ్చే గ్రేస్ పీరియడ్ 30 రోజులు, ఆగస్టు 7తో సరి. శ్రావణం 13న వస్తుంది. ఆ ఆరు రోజుల తేడాలో పాలసీ తెగిపోతే, గడిచిన నెలలన్నీ గంగలో కలిసి తమరు మళ్లీ 36తో పురుడు పోసుకుంటారు. వేరే కంపెనీకి మారితే గడిచిన నెలలు వెంట వస్తాయట, కానీ 45 రోజుల ముందే అర్జీ పెట్టాలి, డబ్బులు అక్కడా కట్టాలి. తమ వాళ్లెవరైనా పాలసీల మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి పంచాంగం చూడకూడదా?

ఇట్లు,
29 నెలలు క్షేమంగా ఉండవలసిన
తమ పాలసీదారుడు

తా.క.: ఈసారి పండుగకి చెరువు దగ్గర పెళ్లి రొట్టె కూడా తీసుకుంటాను. మా ఆవిడకి ముందే చెప్పాను, నాకు కాదని. జిల్లాలో ఎవరైనా సరే, శ్రావణం ముహూర్తానికి ఆగస్టు 7లోపు ఆల్బమ్ అడ్వాన్సు ఇచ్చేవాళ్ల కోసం.