సముద్ర చట్టం అగ్రరాజ్యాల చేతిరాత కాదు

"అంతర్జాతీయ చట్టం అంటే నాలుగు పెద్ద దేశాలు గదిలో కూర్చుని రాసుకున్న కాగితం. చిన్న దేశాల పని సంతకం పెట్టడమే. అడిగే పోలీసు లేడు కాబట్టి ఎవరూ పాటించరు." వాట్సాప్‌లో బాగా తిరుగుతున్న మెసేజ్ ఇది. చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. చిన్న దేశాలు ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని మూడు వాక్యాల్లో తుడిచేస్తోంది. సముద్రంలో ఏ దేశానికి ఎంతవరకు హక్కో చెప్పే అంతర్జాతీయ ఒప్పందమే సముద్ర చట్టం. అది ఎలా తయారైందో చూస్తే చాలు.

పెద్ద దేశాలే రాశాయన్నది మొదటి మాట. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా హక్కు మాదేనని 1947లోనే ప్రకటించినవి చిలీ, పెరూ. పెద్ద నౌకాదళాలున్న దేశాలకు ఇది గిట్టలేదు. 1960లో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సమావేశంలో అమెరికా, కెనడా కలిసి వేరే లెక్క తెచ్చాయి: ప్రాదేశిక జలాలు (తీర దేశపు సొంత భూభాగంలా లెక్కించే సముద్రం) 6 మైళ్లు, చేపల వేటకు మరో 6. ఓటింగ్‌లో అనుకూలం 54, వ్యతిరేకం 28. మూడింట రెండొంతులు రావాలంటే 55 కావాలి. ఒక్క ఓటు తగ్గి అగ్రరాజ్యం ప్రతిపాదన వీగిపోయింది! 1967లో సముద్రగర్భం మానవాళి ఉమ్మడి ఆస్తి అని ఐక్యరాజ్యసమితిలో వాదించింది మాల్టా రాయబారి అర్విడ్ పార్డో. మాల్టా మన హైదరాబాద్ నగరమంత కూడా ఉండదు. 1972లో 200 మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే చేపలు, ఖనిజాల వంటి సంపదపై తీర దేశానికే హక్కుండే ప్రాంతం, అన్న ప్రతిపాదన పెట్టింది కెన్యా. ఇవాళ విశాఖ, కాకినాడ బోట్లు లోతుకు వెళ్లి వల వేసేది ఆ మండలిలోనే. పరాయి ట్రాలర్ మన అనుమతి లేకుండా అక్కడ చేపలు పట్టకూడదు.

ఇక సంతకం సంగతి. మామూలుగా అంతర్జాతీయ చట్టాల ముసాయిదాలు రాసే ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం, అంతర్జాతీయ లా కమిషన్‌లో 34 మంది ఉంటారు. ఎక్కువ సీట్లు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలవే. సముద్రం విషయంలో అయితే 1973 నుంచి 1982 దాకా దేశాలే నేరుగా కూర్చుని ఒక్కో వాక్యం దిద్దుకున్నాయి. అధ్యక్షత వహించింది మొదట శ్రీలంకకు చెందిన అమెరసింఘే, ఆయన పోయాక సింగపూర్‌కు చెందిన టామీ కో. ఒప్పందంపై చివరి ఓటింగ్‌లో 130 అనుకూలం, 4 వ్యతిరేకం. ఆ నాలుగింటిలో ఒకటి అమెరికా. తను రాసుకున్న కాగితమే అయితే తనే ఎందుకు వద్దంటుంది? సముద్రగర్భ గనుల నియమాలను 1994లో ధనిక దేశాల కోసం సడలించిన మాట నిజం. అయినా అమెరికా ఇప్పటికీ చేరలేదు.

ఎవరూ పాటించరన్న మాటలో కొంత నిజముంది. దక్షిణ చైనా సముద్రంపై ఈ చట్టం కింద 2016లో తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును చైనా ఒప్పుకోలేదు. ఆ కోపం నాకూ ఉంది. కానీ మన బంగాళాఖాతం కూడా చూడండి. దశాబ్దాల చర్చల్లో తేలని భారత్-బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దును 2009లో బంగ్లాదేశ్ ఇదే చట్టం కింద ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తుల తీర్పుకు) తీసుకెళ్లింది. 2014 జులైలో తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కే దక్కాయి. సైన్యం, నౌకాదళం అన్నిటా పెద్దదైన భారత్ ఆ తీర్పును అంగీకరించింది.