రుజువు అడగాల్సింది కృష్ణపట్నాన్నేనా?

ముసురు పట్టి ఇంటికొకరు దగ్గడం మొదలైతే చాలు, డయాగ్నస్టిక్ సెంటర్ల ‘ఇమ్యూనిటీ ప్యాకేజీ’లు ఫోన్లలోకి దిగిపోతాయి. వాటిలో డి విటమిన్ పరీక్ష ఉండి తీరుతుంది. మనలో చాలామందికి రిపోర్టులో అంకె పక్కన ‘తక్కువ’ అనే పడుతుంది. వెంటనే వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల క్యాప్సూల్, దాంతోపాటు ఓ హామీ: ఇది వేసుకుంటే వైరస్ సోకినా జబ్బు ముదరదని. ఈ హామీకి ఆధారం ఏదని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కొవిడ్ నాటుమందు కోసం జనం వేలల్లో బారులు తీరినప్పుడు వైద్యులు ఏమన్నారో ఎవరూ మరిచిపోలేదు. ఎంతమందిపై పరీక్షించారు, రుజువేది అన్నారు. సరైన ప్రశ్నలే. కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు రాష్ట్ర ప్రభుత్వం మే 31న అనుమతిచ్చినంత మాత్రాన ఆ ప్రశ్నల పదును తగ్గలేదు. పసరును నిలదీసిన ఆ నోళ్లు క్యాప్సూల్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూతపడ్డాయన్నదే మా అభ్యంతరం.

కొవిడ్ తొలి ఏడాది స్పెయిన్‌లోని కార్డోబాలో 76 మందిపై ఓ చిన్న ప్రయోగం జరిగింది. డి విటమిన్ రూపాల్లో ఒకటైన కాల్సిఫెడియాల్ తీసుకున్న 50 మందిలో ఐసీయూ దాకా వెళ్లింది ఒక్కరే. తీసుకోని 26 మందిలో 13 మంది. ఆశలు ఆకాశానికెక్కాయి. 2021 జనవరిలో బార్సిలోనా నుంచి మరో అధ్యయనం, మరణాలు సగానికి పైగా తగ్గాయంటూ. బ్రిటిష్ ఎంపీ డేవిడ్ డేవిస్ దాన్ని ట్విటర్‌లో భుజాన వేసుకున్నారు. తీరా చూస్తే అక్కడ మందు ఎవరికివ్వాలో రోగుల వారీగా చీటీలు తీయలేదు, వార్డుల వారీగా పంచారు. అలాంటప్పుడు తేడా మందుదో, వార్డుదో చెప్పలేం. ఫిబ్రవరిలో లాన్సెట్ ప్రీప్రింట్ల వేదిక, అంటే నిపుణుల సమీక్షకు ముందే పరిశోధనలు పెట్టే చోటు, దాన్ని తొలగించింది. అధ్యయనం వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది గానీ తొలగింపు వార్త తిరగలేదు.

పెద్ద ప్రయోగాలు వేరే కథ చెప్పాయి. బ్రెజిల్‌లో 240 మంది కొవిడ్ రోగులకు ఒకేసారి రెండు లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గలేదు. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ 6,200 మందితో చేసిన ప్రయోగంలోనూ రక్షణ కనబడలేదు. ఆస్ట్రేలియాలో అరవై దాటిన 21 వేల మందికి నెలనెలా 60,000 యూనిట్లు, అంటే మనం వారానికొకటి మింగే క్యాప్సూల్‌నే నెలకొకటి చొప్పున, ఇచ్చారు. శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల ముప్పు తగ్గలేదు. మరి జబ్బు ముదిరినవారిలో డి విటమిన్ తక్కువగా ఉంటుందన్న మాట? అది నిజమే. వృద్ధాప్యం, ఊబకాయం, మధుమేహం, ఇల్లు కదలలేకపోవడం ఈ రెంటికీ కారణం కావచ్చు. పైగా ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెరిగితే రక్తంలో ఆ విటమిన్ దానంతటదే పడిపోతుంది. జబ్బు తెచ్చిన లోటును జబ్బుకు కారణంగా అమ్ముతున్నారు.

లోపం నిజమే కదా, చవకే కదా, వేసుకుంటే పోయేదేముంది అనేవారున్నారు. లోపం నిజమే, ఎండలు మండే తిరుపతి ప్రాంతంలోనే స్విమ్స్ పరిశోధకులు ఏనాడో చూపించారు. ఎముకల కోసం, పిల్లల్లో రికెట్స్ రాకుండా వాడాల్సిందే. కానీ ఎముకల మందుకు వైరస్ ముసుగు తొడగడానికి అది అనుమతి పత్రం కాదు. మోతాదు మితిమీరితే కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి కూడా.

చవక మందును ఎవరు పరీక్షిస్తారన్నది వట్టి సాకు. 2020 మార్చిలో బ్రిటన్‌లో కొవిడ్ మందులను పరీక్షించేందుకు మొదలైన రికవరీ ట్రయల్ జూన్ కల్లా తేల్చేసింది: పాత, చవక మందు డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలను మూడోవంతు తగ్గిస్తుందని. రుజువు దొరికింది, తర్వాతే వాడకం. మన దగ్గర వాడకం ముందు. రుజువు వస్తే వచ్చింది, లేకపోతే లేదు. ఈ ఆనవాయితీ ఇలాగే స్థిరపడితే రేపటి వైరస్‌కు ఏ పొడినైనా, ఏ ఇంజెక్షన్‌నైనా ఇదే దారిలో తోసేయవచ్చు.

ఆరోగ్యవంతులైన పెద్దలకు రొటీన్‌గా డి విటమిన్ పరీక్ష వద్దని అమెరికాలోని హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లోనే చెప్పింది. అయినా ప్యాకేజీలు ఆగలేదు. ల్యాబులు వాటి పేరులోంచి ‘ఇమ్యూనిటీ’ అన్న మాట తీసేయాలి, తీయకపోతే వైద్య ఆరోగ్య శాఖలు తీయించాలి. ఇక చీటీ రాసే డాక్టరు ‘ఇది ఎముకలకు, వైరస్‌కు కాదు’ అని ఒక్క ముక్క చెబితే ఫీజులో రూపాయి తగ్గదు. ఆ మాత్రం చెప్పలేనివారు నాటుమందుల మీద టీవీ చర్చలకు వెళ్లడం మానుకోవాలి.