ప్రొఫెసర్ హోదాలో కోచ్: స్టాగ్ కథలో అమెరికా వదిలేసిన సగం

2025 జూన్‌లో అమెరికా ఫెడరల్ కోర్టు ఒక ఒప్పందానికి ఆమోదం తెలిపింది. దాంతో అక్కడి యూనివర్సిటీలు తమ జట్లలో ఆడే విద్యార్థులకు నేరుగా డబ్బు చెల్లించే వీలు కలిగింది. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ ఇలా చెల్లించగల గరిష్ఠ మొత్తం సుమారు 2.05 కోట్ల డాలర్లు. చదువుకుంటూ సరదాగా ఆడుకునే రోజులు పోయాయని, కాలేజీ ఆట ఇప్పుడు పూర్తిగా వ్యాపారమైందని చాలామంది బాధపడుతున్నారు. ఆ బాధ నిజమే కావచ్చు. కానీ ఈ వ్యాపారం నిన్న మొన్న మొదలైంది కాదు. 1892లో ఒక కోచ్‌ను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడే దీనికి బీజం పడింది. ఆ నియామకంలోనే ఒక మంచి ఆలోచన కూడా ఉంది. అమెరికా దాన్ని వదిలేసి, చెడ్డదాన్ని మాత్రం పెంచి పోషించింది. ఆ కోచ్ పేరు ఏమోస్ అలాంజో స్టాగ్.

ముందుగా ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకుని, ఎదుటివాళ్లను గుద్దుకుంటూ ముందుకు దూసుకెళ్లే అమెరికన్ ఫుట్‌బాల్. మిషిగన్ యూనివర్సిటీలో చదివే మన పిల్లలు శనివారాల్లో చూసే, లక్ష మందికి పైగా పట్టే స్టేడియం ఈ ఆటదే.

స్టాగ్ 1862లో న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. పాదిరి కావాలన్నది స్టాగ్ కోరిక. అందుకే యేల్ యూనివర్సిటీకి వెళ్లారు. చేతిలో డబ్బు లేక చాలీచాలని తిండితో చదువు మొదలుపెట్టారు. బేస్‌బాల్‌లో గొప్ప పిచ్చర్‌గా, అంటే బంతి విసిరే ఆటగాడిగా, పేరొచ్చింది. ప్రొఫెషనల్ జట్లు రమ్మన్నాయి. డబ్బు కోసం ఆడటం ఇష్టం లేక వెళ్లలేదు. 1889లో దేశం మొత్తం మీద ఎంపిక చేసిన మొట్టమొదటి ఆల్ అమెరికా ఫుట్‌బాల్ జట్టులో ఆయనకు చోటు దక్కింది. మత బోధకుడిగా వేదిక ఎక్కి మాట్లాడటం మాత్రం ఆయనకు చేతకాలేదు. చర్చిలో చేయలేని పని మైదానంలో చేయగలనని ఆయనకు అర్థమైంది.

అప్పటికి కోచ్ అనేది ఒక ఉద్యోగం కాదు. ఈ ఆటకు ఇప్పటి రూపం ఇచ్చిన వాల్టర్ క్యాంప్ యేల్ జట్టుకు పెద్ద దిక్కు. ఆయన జీతం తీసుకునేది గడియారాల కంపెనీలో. ప్రాక్టీసుకు వెళ్లే తీరిక లేని రోజుల్లో భార్య వెళ్లి చూసి వచ్చి, సాయంత్రం ఆయనకు వివరాలు చెప్పేది. మిగతా చోట్ల పాత విద్యార్థులు సీజన్‌లో కొన్ని వారాలు వచ్చి నేర్పి వెళ్లిపోయేవారు. జట్టును నడిపేది విద్యార్థులే. కెప్టెన్ మాటే చెల్లుబాటు.

స్టాగ్ 1890లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో చేరారు. వ్యాయామాన్ని చదువులో భాగంగా చూడాలని నమ్మినవాళ్లంతా అక్కడ పోగయ్యారు. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఆయన ఫుట్‌బాల్ జట్టులో ఆటగాడు. 1892 మార్చిలో జనం ముందు జరిగిన తొలి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో విద్యార్థులు 5-1 తేడాతో అధ్యాపకులను ఓడించారు. అధ్యాపకుల తరఫున పడిన ఆ ఒక్క గోల్ స్టాగ్ వేసిందే.

ఇంతలో యేల్‌లో ఆయనకు బైబిల్ పాఠాలు చెప్పిన విలియం రెయినీ హార్పర్ నుంచి పిలుపు వచ్చింది. చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ డబ్బుతో షికాగోలో పుట్టబోతున్న కొత్త యూనివర్సిటీకి హార్పర్ ప్రెసిడెంట్. 1,500 డాలర్లు ఇస్తానన్నారట. స్టాగ్ మాట్లాడలేదు. 2,000 అన్నారు. అయినా మౌనమే. చివరికి 2,500 డాలర్ల జీతం, అసోసియేట్ ప్రొఫెసర్ హోదా, ఎవరూ తీసేయలేని శాశ్వత ఉద్యోగం ఇస్తానన్నారు. స్టాగ్ తర్వాతి రోజుల్లో ఈ కథను ఇష్టంగా చెప్పుకునేవారు. బేరం కోసం కాదు, ఆలోచించుకోవడానికే మౌనంగా ఉన్నానని ఆయన మాట. ఏమైతేనేం, ప్రొఫెసర్లతో సమానంగా శాశ్వత ఉద్యోగం పొందిన మొదటి కోచ్ ఆయనే.

హార్పర్ ఆ ఉద్యోగంతో పాటు ఒక బాధ్యత కూడా అప్పగించారు. దేశమంతా తిరిగి కాలేజీలను ఓడించే జట్లు తయారు చేయాలి. కావాలంటే వాళ్లకు రైల్లో రాజభోగాల పెట్టె, సెలవులూ ఇస్తామన్నారు. 1892 అక్టోబరులో యూనివర్సిటీ తెరుచుకుంది. ఆటగాళ్లు చాలక తొలి సీజన్‌లో స్టాగ్ తానే మైదానంలోకి దిగి ఆడారు. రెండేళ్లు తిరిగేసరికి, 1894 డిసెంబరులో, జట్టు రైలెక్కి కాలిఫోర్నియా చేరి క్రిస్మస్ రోజున స్టాన్‌ఫర్డ్‌తో ఆడింది. పుట్టి రెండేళ్లయిన ఒక విద్యాసంస్థ పేరు దేశం అవతలి ఒడ్డున పేపర్లకెక్కింది. హార్పర్‌కు కావలసింది అదే. ఏ పరిశోధనా అంత త్వరగా తేలేని పేరు అది.

కోచ్‌ను అధ్యాపకుడిగా గుర్తించడం, అదే కోచ్‌ను యూనివర్సిటీ ప్రచారానికి వాడుకోవడం. ఈ రెండూ ఒకే నియామకంలో కలిసి ఉన్నాయి. స్టాగ్ గురించి రాసేవాళ్లు సాధారణంగా మొదటిదాన్ని పొగిడి రెండోదాన్ని దాటేస్తారు. అది సరి కాదు.

ఎందుకంటే స్టాగ్ చేతులు కూడా పూర్తిగా శుభ్రంగా లేవు. తాగరు, పొగ తాగరు, బూతు మాట ఆడరు. డబ్బు కోసం ఆడే ఆటను జీవితాంతం వ్యతిరేకించారు. కానీ హైస్కూలు కుర్రాళ్లను క్యాంపస్‌కు రప్పించే అథ్లెటిక్ పోటీలను 1902లో మొదలుపెట్టిందీ ఆయనే. ఆ పోటీల్లో మెరిసిన పిల్లలు ఇంకో కాలేజీ గేటు తొక్కకుండా చూసుకునేవారు. వాల్టర్ ఎకర్సాల్ అనే క్వార్టర్‌బ్యాక్ (మైదానంలో జట్టు దాడిని నడిపించే ఆటగాడు) ఆ రోజుల్లో షికాగో ఆరాధ్యుడు. ఆడినన్నాళ్లూ ఆడించుకున్నారు, అతను మాత్రం డిగ్రీ లేకుండానే బయటికి వెళ్లాడు. తన విభాగం లెక్కలు కూడా స్టాగ్ చాలాకాలం తన చేతుల్లోనే ఉంచుకున్నారు. అదే యూనివర్సిటీలో అర్థశాస్త్రం చెప్పిన థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే ఈ ఆటల మోజును ఘాటుగా విమర్శించారు. కానీ 1905 థాంక్స్‌గివింగ్ రోజున పాతికవేలకు పైగా జనం ముందు షికాగో 2-0తో మిషిగన్‌ను ఓడించి, 56 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని ఆ జట్టు జైత్రయాత్రను ఆపినప్పుడు వెబ్లెన్ మాట ఎవరు వింటారు? ఆ గెలుపు తర్వాత కొన్ని వారాలకే హార్పర్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆ 1905 ఈ ఆటకు గడ్డు సంవత్సరం. మైదానంలో ప్రాణాలు పోతున్నాయి. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. మరుసటి ఏడాది రూల్స్ మార్చి బంతిని ముందుకు విసిరే ఫార్వర్డ్ పాస్‌ను అనుమతించారు. ఆ ఎత్తును అందరికన్నా ముందుగా అందిపుచ్చుకున్న కోచ్‌లలో స్టాగ్ ఒకరు. అదే 1905లో హార్వర్డ్ తన కోచ్ బిల్ రీడ్‌కు ఏడాదికి 7,000 డాలర్లు ఇచ్చింది. అక్కడి ఏ ప్రొఫెసర్ జీతమూ అంత లేదు. కోచ్‌ను ప్రొఫెసర్లలో ఒకరిగా చూడటం షికాగో దారి. ప్రొఫెసర్లను మించిన డబ్బుతో కొనుక్కోవడం హార్వర్డ్ చూపిన దారి. అమెరికా రెండో దారినే పట్టింది.

శాశ్వత ఉద్యోగం వల్ల స్టాగ్‌కు ఏం ఒరిగింది? 41 సీజన్లు షికాగోలోనే ఉన్నారు. ఏడుసార్లు కాన్ఫరెన్స్ టైటిల్, అంటే తమ ప్రాంత యూనివర్సిటీల కూటమి టైటిల్, గెలిచారు. చివరిది 1924లో. ఆ తర్వాత చుట్టుపక్కల ప్రభుత్వ యూనివర్సిటీలు భారీ స్టేడియాలు కట్టుకుని, పెద్ద సంఖ్యలో కుర్రాళ్లను చేర్చుకుంటుంటే షికాగో వెనకబడింది. ఓటములు వరుసకట్టాయి. అయినా ఆయన ఉద్యోగం పోలేదు. ఇవాళ్టి కోచ్‌కు రెండు మూడు చెడ్డ సీజన్లు చాలు, ఇంటికి పంపేస్తారు. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ను కాంట్రాక్టు మధ్యలో తీసేసి, అందుకు 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి సిద్ధపడింది. ఒక మనిషిని పని చేయొద్దని చెప్పడానికి అంత డబ్బు. నాలుగేళ్లు పిల్లల చదువును, శరీరాన్ని, నడవడికను కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి వచ్చే శనివారం టెన్షన్‌తోనే బతకాలి. అలాంటివాడి నుంచి గురువు పని ఎలా ఆశిస్తాం?

స్టాగ్‌కు శాశ్వత ఉద్యోగం ఉన్నా, పదవీ విరమణ వయసు రాక తప్పలేదు. 1929లో 30 ఏళ్లకే షికాగో యూనివర్సిటీ ప్రెసిడెంట్ అయిన రాబర్ట్ హచిన్స్‌కు ఈ ఆట మీద గౌరవం లేదు. 1932తో 70 ఏళ్ల స్టాగ్ కోచింగ్‌కు తెరపడింది. వేరే పదవి ఇస్తామన్నా ఆయన వద్దన్నారు. గ్రౌండ్‌లో నిలబడే పనే కావాలన్నారు. కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్ అనే చిన్న సంస్థ పిలిస్తే వెళ్లిపోయారు.

నాకు ఈ జీవితంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇక్కడి నుంచే మొదలవుతుందనిపిస్తుంది. పసిఫిక్‌లో 14 సీజన్లు. 1938లో ఆ జట్టును తీసుకుని షికాగోకు వెళ్లి, తన పేరే పెట్టిన స్టాగ్ ఫీల్డ్‌లో తన పాత యూనివర్సిటీని 32-0తో ఓడించారు. మరుసటి ఏడాది షికాగో 85-0తో మిషిగన్ చేతిలో చిత్తయ్యింది. ఆ డిసెంబరులోనే హచిన్స్ ఫుట్‌బాల్ జట్టును రద్దు చేశారు. 1943లో, 81 ఏళ్ల వయసులో, నౌకాదళ శిక్షణ కోసం క్యాంపస్‌కు వచ్చిన కుర్రాళ్లతో జట్టు కట్టి కాలిఫోర్నియా, యూసీఎల్ఏ లాంటి పెద్ద జట్లను ఓడించారు. తోటి కోచ్‌లు ఆ ఏడాది ఉత్తమ కోచ్‌గా ఎన్నుకున్నారు. ఆ తర్వాత పెన్సిల్వేనియాలోని సస్క్వహానా యూనివర్సిటీలో కొడుకుతో కలిసి ఆరేళ్లు పనిచేశారు. 1951లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అటుపైన మళ్లీ స్టాక్‌టన్ చేరి, అక్కడి జూనియర్ కాలేజీ పిల్లలకు బంతిని తన్నడం నేర్పారు. 1960 వరకు, అంటే దాదాపు 98 ఏళ్ల వరకు. 1965లో 102 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన ఖాతాలోని 314 గెలుపులను అలబామా కోచ్ బేర్ బ్రయంట్ దాటడానికి 1981 దాకా పట్టింది.

ఈ చిన్న కాలేజీల్లో ఆయన్ను ప్రచారకర్తగా వాడుకోవాలన్న హార్పర్ లేరు. అప్పటికి శాశ్వత ఉద్యోగమూ లేదు. కానీ ఆ 41 ఏళ్ల భద్రత ఆయనలో ఒక అలవాటును స్థిరపరిచిందని నా నమ్మకం. తన పని ఈ వారం స్కోరుతో తేలేది కాదని, మైదానం కూడా ఒక తరగతి గదేనని నమ్మే అలవాటు అది.

మనకు ఈ కథతో దూరపు చుట్టరికం ఉంది. స్టాగ్ పనిచేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ సంస్థలోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా సంస్థను ప్రారంభించారు. మన హైస్కూళ్లలో డ్రిల్ మాస్టర్లు కొన్ని తరాలుగా అక్కడ శిక్షణ పొంది వచ్చినవాళ్లే. కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్‌కు యూజీసీ స్కేలులో అధ్యాపకులతో సమానమైన స్థానం కాగితం మీద ఉంది. అమెరికా పారేసుకున్న మంచి సగం మన దగ్గర రూల్స్‌లో ఇంకా మిగిలే ఉంది. కానీ పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకుంటారు. గ్రౌండ్ లేని భవనాల్లో ఇంటర్ కాలేజీలు నడుస్తుంటాయి. హోదా ఇచ్చి పని లాగేసుకోవడం మన తప్పు. పని ఇచ్చి హోదాను వేలం వేయడం వాళ్ల తప్పు.

2025 ఒప్పందం ఆటగాళ్ల వాటా గురించి మాట్లాడింది. కోట్లు తెచ్చిపెడుతున్న కుర్రాళ్లకు డబ్బు ఇవ్వడం న్యాయమే, ఆలస్యంగానైనా జరిగింది. కానీ కోచ్ ఎవరు, అధ్యాపకుడా, కాంట్రాక్టు మీద వచ్చిపోయే సీఈవోనా అనే ప్రశ్నను అది ముట్టుకోలేదు. షికాగో మాత్రం 1969లో ఫుట్‌బాల్‌ను తిరిగి తెచ్చుకుంది. ఇప్పుడు ఆటల స్కాలర్‌షిప్పులు లేని మూడో డివిజన్‌లో ఆడుతోంది. ఆ డివిజన్ ఫైనల్‌ను 1973 నుంచి స్టాగ్ బౌల్ అని పిలుస్తున్నారు. పెద్ద డివిజన్‌లోని యూనివర్సిటీలు ఒక్క కోచ్‌కైనా మళ్లీ ప్రొఫెసర్ ఉద్యోగం ఇచ్చి చూడాలి. ఏడాదికి కోటి డాలర్ల కాంట్రాక్టు కన్నా అది చాలా చవక.