మధ్యగీత మాహాత్మ్యం

చమురు ధర పెరగొచ్చు. తగ్గనూ వచ్చు. ఉన్నచోటే ఉన్నా తప్పు పట్టలేం. ఈ మూడు ముక్కలు చెప్పడానికి నూట ఇరవై స్లైడ్లు తీసుకునే విద్యనే చమురు, గ్యాస్ మార్కెట్ల ఆర్థిక సలహా అంటారు. పెరిగితే హై కేస్, తగ్గితే లో కేస్. నడుమ, సంసారపక్షంగా, బేస్ కేస్. పైదీ కిందదీ అలంకారాలే. ఫీజు మొత్తం ఆ మధ్యగీతకే.

మధ్యగీత తయారీ ఆషామాషీ వ్యవహారం కాదు. ముందు ఆ ఉదయం బ్రెంట్ (ప్రపంచానికి కొలబద్దగా వాడే ముడిచమురు రకం) ఫ్యూచర్స్ ధరల, అంటే రాబోయే నెలలకు ఇవాళే కుదిరే ధరల, వరస తెరవాలి. మొదటి రెండేళ్ళకూ దాన్నే దించుకోవాలి (కాపీ అనకూడదు, మార్కెట్‌తో సమన్వయం అనాలి). మూడో ఏటి నుంచి గీతను మర్యాదగా వంచి ఏదో ఒక గుండ్రటి అంకె దగ్గర ఆపాలి. 70 డాలర్లయితే ఎవరూ నొచ్చుకోరు. అక్కణ్ణుంచి 2050 దాకా స్కేలు పెట్టి లాగేయడమే. 20 కలిపితే పై గీత, 20 తీసేస్తే కింది గీత. ఇక యుద్ధమొచ్చినా మాంద్యమొచ్చినా మూడింటిలో ఏదో ఒకదాని పక్కనుంచి ధర పోక తప్పదు. 'మేం ముందే చెప్పాం' అనే వాక్యం అప్పటికే టైపై ఉంటుంది.

ధరకే ఆ మర్యాద తెలియదు. 2008 జూలైలో పీపా 147 డాలర్లు తాకి, అదే డిసెంబరుకల్లా 40 దిగువన పడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు కొలబద్ద డబ్ల్యూటీఐ మే కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ఇందులో చిదంబర రహస్యమేమీ లేదు. కాంట్రాక్టు గడువు మర్నాడే. అప్పటిదాకా కాగితం పట్టుకున్నవాడు ఓక్లహామాలోని కుషింగ్‌లో అసలు చమురే దించుకోవాలి. అక్కడి ట్యాంకుల్లో మిగిలిన జాగా అప్పటికే ఎవరెవరో మాట్లాడేసుకున్నారు. దించుకోలేనివాళ్ళు ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. లో కేస్ మాత్రం అంత కిందికి పోలేకపోయింది. పాపం దాని తప్పు కాదు, గ్రాఫే సున్నా దగ్గర మొదలవుతుంది.

ఇక సమావేశ మందిరం. తెర మీద మధ్యగీత వెలుగుతుంటుంది. బల్ల చివర, అంతసేపూ నోరు మెదపని లెక్కల మనిషి ఒకే ప్రశ్న వేస్తాడు: "ఈ 70 ఏ ఏటి డాలర్లండీ?"

"చాలా మంచి ప్రశ్న" అంటాడు సలహాదారు. ఈ రంగంలో దానర్థం జవాబు లేదని. పక్కనున్న కుర్రాడు స్లైడ్లు వెనక్కి తిప్పుతాడు. 14, 13, 12. మళ్ళీ ముందుకి. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో కనిపిస్తుంది, పెద్దది చేస్తే మసక. "స్థిర ధరలే అనుకుంటా" అంటాడు. సరిగ్గా అదే క్షణంలో సీనియర్ "నామినల్" అంటాడు. "రెండు విధాలుగానూ చూడొచ్చు" అని పార్ట్‌నర్ గారు తీర్పిస్తారు. కాఫీ వస్తుంది.

చూడకూడదు మహాశయా. స్థిర ధరలంటే ఇవాళ్టి డాలర్లు, నామినల్ అంటే ద్రవ్యోల్బణం కలిసిన డాలర్లు. ఏటా 2 శాతం ద్రవ్యోల్బణం కలిపితే ఇవాళ్టి 70 ఇరవయ్యో ఏటికి 104 అవుతుంది. ఆదాయాన్ని అలా పెంచి, ఖర్చును ఇవాళ్టి ధరల్లోనే వదిలేస్తే బావి తవ్వకుండానే లాభం పుడుతుంది. తిరగేసి, రెండింటినీ ఇవాళ్టి ధరల్లో ఉంచి, ద్రవ్యోల్బణం కలిసిన 10 శాతం డిస్కౌంటు రేటుతో (రేపటి డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించే రేటు) కోస్తే అదే ద్రవ్యోల్బణాన్ని రెండుసార్లు తీసేసినట్టు. బతికే ప్రాజెక్టు అక్కడే చస్తుంది.

ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజవాయువు) ఒప్పందానికి 'స్లోప్ సుమారు 12 నుంచి 14 శాతం' అని రాసిచ్చే మహానుభావులు వేరే. స్లోప్ అంటే చమురు ధరలో ఎన్నో శాతం గ్యాస్ ధర అవుతుందో ఆ అంకె. బ్రెంట్ 70 ఉంటే ఒక్క శాతం తేడా ఎంఎంబీటీయూకి (గ్యాస్ కొలిచే ప్రమాణం) 70 సెంట్లు. 35 లక్షల ఎంఎంబీటీయూలు మోసే ఒక్క నౌకకే 24.5 లక్షల డాలర్లు. 'సుమారు' ఖరీదు అది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది, మునిగేది కంపెనీ అయినంతవరకూ. 2014 జూన్‌లో, బ్రెంట్ 115 డాలర్లు తాకిన నెలలోనే, ఆఫ్రికా దేశం చాద్ ప్రభుత్వం తన చమురు క్షేత్రాల్లో అమెరికా చమురు కంపెనీ చెవ్రాన్ వాటాను దాదాపు 130 కోట్ల డాలర్లకు కొన్నది. డబ్బు సరకుల వ్యాపార సంస్థ గ్లెన్‌కోర్ దగ్గర అప్పు, తీర్చాల్సింది చమురుతో. అప్పట్లో చాలామంది మధ్యగీత వంద డాలర్ల మీద కాళ్ళు బారజాపుకుని పడుకుంది. 2016 జనవరికి ధర 30 దిగువన ఉంది. అప్పు షరతులు 2015లో ఒకసారి, 2018లో మరోసారి తిరగరాశారు. ఈలోగా చాద్ ప్రభుత్వోద్యోగుల భత్యాలు కోశారు. వంద అని గీసినవాడి బోనస్ ఎవరు కోశారు? వాడు సిగ్గుపడ్డాడా? కొత్త అంకెతో కొత్త గీత గీసి, 'అంచనాల నవీకరణ' అని పేరుపెట్టి దానికీ బిల్లు పంపాడు. బడి పిల్లాడు లెక్క తప్పితే సున్నా వేస్తాం. వీళ్ళు తప్పితే రెండో ఇన్‌వాయిస్!

ఈ నివేదికల్లో ఎప్పుడూ కనబడని బొమ్మ ఒకటుంది. గత పదేళ్ళుగా ఏటా గీసిన మధ్యగీతలన్నిటినీ, నిజంగా నడిచిన ధరనూ ఒకే కాగితం మీద వేస్తే, అసలు గీత మీంచి పాత అంచనాలు దువ్వని జుట్టులా లేచి నిలబడతాయి. అరగంట పని. అంకెలన్నీ వాళ్ళ దగ్గరే ఉంటాయి. సంతకం పెట్టేముందు ఆ బొమ్మ అడిగి చూడండి.

"చాలా మంచి ప్రశ్న" అంటారు.